సాక్సఫోన్‌కి సుతి పట్టిన పెట్టె

మైకు పని మానేశాను గానీ ఫోన్లు ఆగలేదు. “అంకుల్, సాక్సఫోన్‌కి ఏ ఎఫెక్టు పెడల్ మంచిది?” అని అడిగే కుర్రాళ్లు ఇంకా ఉన్నారు. ఇక్కడి కలకత్తా వాట్‌గంజ్ పిల్లలు, హౌరా పిల్లలు, ఈమధ్య ఉద్యోగాలకు వచ్చిన హైదరాబాదు వాళ్లు కూడా. పెడల్ అంటే కాలితో తొక్కి వాయిద్యం శబ్దాన్ని మార్చే చిన్న పెట్టె. వాళ్లకు కావలసింది ఒక పేరు. చెప్పిన మరుక్షణం ఆర్డరు పెట్టేద్దామని తొందర. నేను పేరు చెప్పను. “వాయించేదెవరు బాబూ?” అని అడుగుతాను. సగంమంది అక్కడే విసుక్కుంటారు. విసుక్కోని మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను. తెలుగు చదవడం రాని పిల్లలకు ఇంట్లో పెద్దవాళ్లెవరైనా చదివి వినిపిస్తే సంతోషం.

ముందు నా సంగతి కాస్త. మా నాన్న ఓడరేవు డాకులో మూటలు దించేవాడు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి మైకు సెట్టు షాపులో చేరాను. బడి మానేశాను గానీ చదువు మానలేదు. మా వీధి చివరి గ్రంథాలయంలో తెలుగు బీరువా ఒకటి ఉండేది. అది పూర్తయ్యాక అలీపూర్ వైపు పెద్ద గ్రంథాలయానికి వెళ్లడం మొదలుపెట్టాను. పక్కన నిఘంటువు పెట్టుకుని, ఇంగ్లీషు శబ్దశాస్త్రం పుస్తకాలను అన్నంలో రాళ్లు ఏరినట్టు ఒక్కొక్క మాటా ఏరుకుంటూ చదివాను. శబ్దం గోడకు తగిలి ఎలా తిరిగొస్తుందో, సగం నిండిన హాలుకీ నిండు హాలుకీ తేడా ఎందుకో, జనం వంటి మీది బట్టలు కూడా శబ్దాన్ని ఎలా తాగేస్తాయో నాకు అక్కడే తెలిసింది. షాపులో నన్ను ‘మాస్టర్‌మొశాయ్’ అని పిలిచేవారు. పంతులుగారూ అన్నట్టు. అది వెక్కిరింపేనని తెలిసినా నాకు బాగానే ఉండేది.

నేను చెప్పబోయేది నా పని చివరి సంవత్సరాల మాట. అప్పటికి నేను షాపు వదిలి ఒక ఆర్కెస్ట్రాకు సౌండు చూస్తున్నాను. పూజల సీజనులో పాత బెంగాలీ పాటలు, హిందీ పాటలు వాయించే పార్టీ అది. నడిపే ఆయన బెంగాలీ, వయసులో నాకన్నా చిన్న. అయినా కలకత్తాలో పని ఇచ్చేవాడు ఎవరైనా దాదాయే, అంటే అన్నే, కాబట్టి నేనూ దాదా అనేవాణ్ని. మా ఇద్దరి మాటలూ బెంగాలీలో సాగేవి. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

ఆ పార్టీలో సాక్సఫోన్ వాయించేది మావ. చుట్టరికం ఏమీ లేదు. శ్రీకాకుళం వైపు వాళ్లం ఎక్కడ కలిసినా ఒకరికొకరం మావలమో బావలమో అయిపోతాం, అంతే. టికియాపారాలో రైలు పెట్టెలు బాగుచేసే చోట పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉండగానే రైల్వే బ్యాండులో సాక్సఫోన్ పట్టాడు. సెలవు రోజుల్లో పెళ్లి ఊరేగింపుల్లో నడుస్తూ వాయించాడు. అందుకే స్టేజీ మీద కూడా ఒకచోట నిలబడలేడు. కాళ్లు కదలకపోతే ఆయనకు వేళ్లు కదలవు.

ఆ ఏడు వానాకాలంలో మావకు న్యుమోనియా వచ్చింది. ఆసుపత్రి నుంచి బయటపడ్డాడు గానీ ఊపిరి మునుపటిలా లేదు. వేగంగా సాగే పాటలకు ఇబ్బంది లేదు. వాటిలో మధ్యమధ్య గాలి పీల్చుకునే సందు దొరుకుతుంది. ఇబ్బందల్లా ఒక్క నెమ్మది పాటతోనే. అది ఒంటరి సాక్సఫోన్‌తో మొదలవుతుంది. డ్రమ్ములుండవు, గిటారుండదు. ఒక్కటే స్వరం, పొడుగ్గా, తాపీగా. జనం ఆ స్వరం కోసమే టిక్కెట్టు కొన్నట్టు కూర్చుంటారు. మావ దాన్ని సగంలోనే వదిలేస్తున్నాడు. వదిలేసి, అలా వదలడమే తన ఉద్దేశం అన్నట్టు తల ఆడిస్తున్నాడు.

ఒకరోజు రిహార్సలయ్యాక దాదా నన్ను టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. మావను ఆయన కాకా, అంటే బాబాయ్, అని పిలిచేవాడు.

“మాస్టర్‌మొశాయ్, కాకాకి నువ్వే చెప్పాలి. నా నోట రాదు.”

“ఏమని చెప్పాలి?”

“ఈ సీజను ఇంట్లో విశ్రాంతి తీసుకోమని. కీబోర్డులో సాక్సఫోన్ శబ్దం ఉంది కదా. మన కీబోర్డు అమ్మాయి దాన్ని బాగానే వాయిస్తోంది.”

“కీబోర్డుకి ఊపిరెక్కడిది దాదా?”

“నేను చెప్పేదీ అదే! దానికి ఊపిరితో పనే లేదు.”

దాదా చెడ్డవాడు కాడు. మావ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజు విడిచి రోజు వెళ్లి చూసొచ్చాడు. కానీ ఒక చోట ఆ పాట చెడితే పక్క పేట క్లబ్బువాళ్లు ఇంకో పార్టీని పిలుస్తారు. పదిమంది బతుకు దాని మీద ఉంది.

మావ సంగతీ నాకు తెలుసు. ఆసుపత్రి మంచం మీద కూడా ఆయన ‘మా పార్టీ’, ‘మా సీజను’ అంటూనే ఉండేవాడు. ఆ ‘మా’ తీసేస్తే ఆయనకు రోజంతా మిగిలేది మందు బిళ్లలూ, యార్డులో రైలు పెట్టెల చప్పుడూ.

“విజయా సమ్మిళని దాకా ఆగు దాదా. సామాను సంగతి నేను చూస్తాను,” అన్నాను. దుర్గాపూజ అయ్యాక పేటపేటనా పెట్టుకునే పాటల సభ అది. మా సీజనులో మొదటి మెట్టు. దాదా సరేనన్నాడు. నేను గ్రంథాలయానికి పరిగెత్తాను.

మొదటి సమస్య మైకు. స్టాండు మైకు ముందు మావను నిలబెడితే ఆయన నడిచిపోతాడు, ఆయనతో పాటు శబ్దమూ పోతుంది. పైకి వాల్యూము పెంచితే స్పీకర్లు కూత వేస్తాయి. కాబట్టి వాయిద్యానికే తగిలించే చిన్న మైకు కావాలి. అందరూ దాన్ని గొట్టం వెడల్పు నోటికి ఎదురుగా పెడతారు. పుస్తకంలో నేను చదివింది వేరు. సాక్సఫోన్ శబ్దం ఆ నోట్లోంచే రాదు, తెరిచి ఉన్న ప్రతి రంధ్రంలోంచీ వస్తుంది. అడుగు స్వరాలకే పెద్ద నోరు. కాబట్టి మైకు మెడను వంచి నోటి అంచు మీదుగా రంధ్రాల వైపు తిప్పాలి.

ఆ మైకు, తీగ లేకుండా శబ్దాన్ని పంపే డబ్బా, రెండూ సంచిలో వేసుకుని టికియాపారా వెళ్లాను. అత్త తలుపు తీసింది. నేను తగిలిస్తుంటే నడుము మీద చెయ్యేసుకుని చూసింది.

“ఓలమ్మ! ఆ గొట్టానికి ఆ మెడకట్టేటిరా? మేకకి కట్టినట్టు!”

“ఇది మైకు అత్తా.”

“మైకా! ఈ మనిసి నోటికీ ఓటి కట్టు, పుణ్యముంతాది. ఏటి సెప్పినా నాకు ఇనబడి సావదు. గట్టిగా మాటాడితే దగ్గు, మెల్లగా మాటాడితే నాకు సెవుడు.”

మావ వాయించాడు. శబ్దం గుండ్రంగా, నిండుగా వచ్చింది. కానీ స్వరం తెగే చోట ఎగశ్వాస కూడా అంతే స్పష్టంగా వినపడింది. మంచి మైకు ముందు దాపరికం ఉండదు. ఆ మాట మావకూ అర్థమైంది. వాయిద్యం మూతి తుడుచుకుంటూ, నన్ను చూడకుండా, “ఓరే అల్లుడా, దాదా ఏటైనా అన్నాడేటి?” అన్నాడు.

“విజయా సమ్మిళనికి పాట బాగా రావాలన్నాడు.”

“అంతేనా?”

“అంతే మావా.”

“నాతో అబద్దం ఆడకు. కీబోడ్డు అమ్మాయి నన్ను సూసి తల దించుకుంతంది. సిన్న పిల్ల, దాసుకోడం తెలీదు.”

మర్నాటి రిహార్సల్లో ఎఫెక్టులు కలిపి చూపిస్తానని మాట మార్చాను. మార్చి, వెళ్లబోతూ గుమ్మంలో ఒక పెద్ద పొరపాటు చేశాను.

సౌండు పనిలో, ఏ ఎఫెక్టూ కలపని శబ్దాన్ని ‘డ్రై’ అంటారు. ప్రతిధ్వని కలిపినదాన్ని ‘వెట్’ అంటారు. నేను ఇంగ్లీషు మాటలు చదివినా మన వాళ్లకు తెలుగులోనే చెప్పాలనే పట్టుదల ఉన్నవాణ్ని. “మావా, రేపు ముందు పొడిగా వినాలి. తడి అనేది ఉండకూడదు. ఎండిన వడియంలా పొడిగా వాయించు. తడి నేను తరవాత కలుపుతాను,” అన్నాను.

“పొడిగానా?” అన్నాడు మావ.

“పొడిగా.”

“సర్లే. సదివినోడివి.”

సాక్సఫోన్ సంగతి తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. దాని మూతికి రెల్లుతో చేసిన పల్చటి పలక ఉంటుంది. దాన్నే రీడు అంటారు. నోట్లో పెట్టి బాగా తడిపితేనే అది సరిగ్గా వణుకుతుంది. పొడి రీడు పలకదు, కీచుమంటుంది.

మర్నాడు మేం రిహార్సలు చేసుకునే గ్యారేజీలో, అందరి ముందు, మావ వాయిద్యం ఎత్తి ఊదాడు. తలుపు సందులో పిల్లి తోక పడినట్టు ఒక కేక వచ్చింది. మళ్లీ ఊదాడు. ఈసారి రెండు పిల్లులు. దాదా ముఖం నల్లబడింది. డ్రమ్మర్ కప్పు వైపు చూస్తున్నాడు. మావ మాత్రం ధైర్యంగా నా వైపు తిరిగి, ఇంత పొడి చాలా అన్నట్టు కనుబొమలెత్తాడు.

పక్కకు తీసుకెళ్లి అడిగితే బయటపడింది. “మీ అత్త డాబా మీద వడియాలెండబెట్టినాది గదా. వాటి పక్కనే పెట్టినాను రీడు. పొద్దుట్నుంచీ నోట్లో ఎట్టనేదు.”

“నలభై ఏళ్లుగా తడిపి వాయిస్తున్నావు కదా మావా! అనుమానం రాలేదా?”

“ఎందుకు రానేదు? వచ్చినాది. కొత్త మిషను, పక్కనే కరెంటు, తడి తగిలితే షాకు కొడతాదేమో, నివ్వు సదివి సెప్పినావేమో అనుకున్నాను.”

నేను దాదాకు విషయం విడమరిచి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. “మాస్టర్‌మొశాయ్, రీడు సంగతి సరే. స్వరం నిలబడుతుందా అన్నదే నా ప్రశ్న. సమ్మిళనికి కాకాయే వాయిస్తారు. కానీ కీబోర్డులో అదే స్వరం సిద్ధంగా ఉంచు. నేను చెయ్యి ఎత్తితే దాని మీట పైకి జరుపు. కాకాకి చెప్పొద్దు,” అన్నాడు. ఆ రోజు నుంచీ నా భాషాసేవ మానుకున్నాను. ‘ఎకో వేస్తాను మావా, ఎకో తీస్తాను మావా’ అంటే ఏ బాధా ఉండేది కాదు.

ఇక ఎఫెక్టు ఎంపిక. నా లెక్క సులువుగానే ఉండేది. స్వరం పొట్టిదైతే ప్రతిధ్వని తోక తగిలించాలి. ‘డిలే’ అనే పెడల్ అన్న మాటను మళ్లీమళ్లీ అంటుంది, ఒక్కోసారి కాస్త తగ్గించి. మావ ఊపిరి తెగిన చోట అది అందుకుంటుంది. వినేవాళ్లకు స్వరం పొడుగ్గా సాగినట్టే ఉంటుంది. చాందినీ బజారులో తెలిసిన కొట్టు నుంచి ఒకటి అడిగి తెచ్చాను. ఇవన్నీ గిటారు కోసం చేసినవి. మైకు తీగ నేరుగా గుచ్చితే గొణుగుతాయి, మధ్యలో మైకు బలం పెంచే చిన్న డబ్బా ఒకటి ఉండాలి. ఈ ఒక్క వాక్యం గుర్తు పెట్టుకున్నా మీకు ఈ వ్యాసం గిట్టుబాటే.

వినడానికి బ్రహ్మాండంగా ఉంది. వాయించడానికి కాదు. మావ ఒక స్వరం ఊది, అది తిరిగి తిరిగి వచ్చి ఆగేదాకా మర్యాదగా ఎదురుచూసేవాడు. ఈలోగా మిగతా వాళ్లు ముందుకు వెళ్లిపోయేవారు.

“మావా, దానికోసం ఆగకు.”

“ఎదుటోడు మాటాడతంటే మధ్యలో ఎలగ దూరిపోతాన్రా?”

“ఎదుటోడు కాదు, అది నువ్వే.”

“నానైతే అన్నిసార్లు అదే మాట అన్ను.”

సరే అని, ఆయన ముందు పెట్టే చిన్న స్పీకరులో ఎకో తీసేసి హాలుకు మాత్రమే పంపాను. అప్పుడు ఆయన చెవికి తన ఊపిరి ఒక్కటే వినపడింది, తెగినచోట తెగినట్టు. బెదిరిపోయాడు. స్వరం ఇంకా పొట్టిదైంది. వింటే ఆగుతాడు, వినకపోతే భయపడతాడు. పుస్తకంలో ఈ అధ్యాయం లేదు.

అసలు గొడవ దాని తరవాత వచ్చింది. పెడల్ నా బల్ల మీదే పెట్టుకుని, ఎప్పుడు కలపాలో ఎప్పుడు తీయాలో నేనే చూసుకుంటానన్నాను. తప్పులు జరగకుండా ఉండడానికి అదే మార్గమని నా నమ్మకం. మావ సాక్సఫోన్ ఒళ్లో పెట్టుకున్నాడు.

“అంటే నాను ఊదతాను, నివ్వు సాగదీత్తావు.”

“అవును.”

“నా ఊపిరి నీ సేతిలో ఉంతాదన్నమాట.”

“అలా కాదు మావా...”

“మరెలగ? ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం ఎట్టి, గోడకాడ మీట తిప్పీవోరు. అది పానం కోసం, పడుకున్నాను. పాటకి కూడా ఇంకోడు మీట తిప్పితే నానెందుకక్కడ? ఆ కీబోడ్డు పిల్లే నయం. ఆ పిల్ల మీట ఆ పిల్లే నొక్కుతాది.”

ఆయన గొంతు పెంచలేదు. ఆ మధ్యాహ్నం చాందినీ బజారుకు మళ్లీ వెళ్లి డిలే పెడల్ తిరిగిచ్చేశాను. కొట్టువాడి గాజు బీరువాలో ఉన్న పెడళ్లన్నీ ఒకటొకటిగా విన్నాను. స్వరానికి తోడుగా ఇంకో స్వరం పుట్టించేది ఉంది. వింటే పాట మీదికి వేరే పాట ఎక్కినట్టుంది. గొంతు లావు చేసేది ఉంది. గుహలో వాయించినట్టు చేసేది ఉంది. చివరికి ఒక చిన్న పెట్టె. తొక్కిన క్షణంలో ఏ స్వరం వినపడుతోందో దాన్నే పట్టుకుంటుంది. కాలు ఉంచినంతసేపూ మళ్లీ అనకుండా, తగ్గకుండా, కదలకుండా నిలబెడుతుంది. కాలు తీస్తే వదిలేస్తుంది. మిగతా ఏ పనీ దానికి రాదు. ఒక్క పనే వచ్చినవాణ్ని నేను ఎప్పుడూ గౌరవిస్తాను.

టికియాపారా ఇంట్లో దాన్ని మావ కాలి దగ్గరే పెట్టాను. మంచం కింద ఉన్న నా చిన్న స్పీకరుకు కలిపాను.

“ఊది, తొక్కు మావా. తొక్కాక ఊదడం ఆపు.”

ఊదాడు. తొక్కాడు. ఆపాడు. స్వరం ఆగలేదు. గదిలో అలాగే నిలబడింది. మావ సాక్సఫోన్ కిందికి దించి, పెట్టె వైపు చూశాడు. తరవాత వంటింటి వైపు కేకేశాడు.

“ఒలే! ఇలగ రా! సుతిగోడు వచ్చినాడు!”

అత్త గరిటెతో వచ్చింది. “ఎవుడూ?”

నాకూ అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. చిన్నప్పుడు ఊళ్లో వాళ్ల నాన్న పెళ్లిళ్లకు సన్నాయి వాయించేవాడట. పక్కన ఒకడు ఇంకో సన్నాయి పట్టుకుని ఒకటే స్వరం ఊదుతూ ఉండాలి. అది శ్రుతి, మన వాళ్ల నోట సుతి. పెద్ద సన్నాయి ఆగినా, గాలి పీల్చుకున్నా, తాంబూలం వేసుకున్నా ఆ సుతి ఆగకూడదు. బుగ్గల నిండా గాలి దాచుకుని, ముక్కుతో పీలుస్తూ నోటితో వదులుతూ ఉండాలి. ఆ సుతి పట్టినవాడు మావే.

“మా నాయిన దర్జాగా ఆగీవోడ్రా. జనాన్ని సూసీవోడు, మీసం దువ్వీవోడు. నాను బుగ్గలు పగిలిపోయీలాగ ఊదీవోణ్ణి. నాకూ ఓ సుతిగోడుంటే నానూ అలగే ఆగుదును అనుకునీవోణ్ణి. ఇన్నాళ్లకి దొరికినాడు. తిండెట్టక్కర్నేదు, బ్యాటరీ ఏత్తే సాలు.”

అత్త పెట్టె వైపు చూసి, “ఈడు నయమే. నాతో పేచీ ఎట్టుకోడు,” అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను పుస్తకాల్లో వెతికింది ఊపిరిని పొడుగు చేసే మార్గం కోసం. మావకు కావలసింది తను ఆగినప్పుడు పక్కన నిలబడే మనిషి. ఎకో అయితే ఆయన చెవికి ఎదుటివాడి మాట. ఆగి వినాలనిపిస్తుంది. సుతి అయితే పక్కవాడి పని. దాని మీద హాయిగా నడవొచ్చు. రెండూ తీగల్లో పరిగెత్తే కరెంటే. తేడా అంతా వాయించేవాడి చిన్నతనంలో ఉంది.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఆ పెట్టె తొక్కిన క్షణాన్నే పట్టుకుంటుంది. మావ పౌరుషం కొద్దీ ఊపిరి చివరిదాకా లాగి, ఇక వల్లకాదు అన్నప్పుడు తొక్కేవాడు. అప్పటికి స్వరం వణికిపోతూ కిందికి జారుతూ ఉండేది. పెట్టె నమ్మకంగా ఆ వణుకునే పట్టుకుని గదంతా నింపేది.

“బలంగా ఉన్నప్పుడే తొక్కాలి మావా. అయిపోయాక తొక్కితే అయిపోయిన ఊపిరినే పట్టుకుంటుంది.”

“ఇంకా గాలుండగానే ఒప్పీసుకోమంతావు.”

“ఒప్పుకోవడం కాదు...”

“ఒప్పుకోడవేరా. పర్లేదు. నేర్సుకుంతాను.”

మొదటి విజయా సమ్మిళని మా వాట్‌గంజ్ పక్క పేటలోనే జరిగింది, మర్నాటిది ఇంకో పేటలో. పందిరి గుడ్డలు విప్పేసిన వెదుళ్ల మధ్య స్టేజీ కట్టారు. సాయంత్రం వెలుగు ఇంకా ఉంది. మిఠాయి డబ్బాలు చేతులు మారుతున్నాయి, పెద్దలు ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. నేను జనం వెనక బల్ల దగ్గర సౌండు మిక్సర్ ముందు నిలబడ్డాను. మావ మీట ఒకటి, దాని పక్కనే కీబోర్డు సాక్సఫోన్ మీట ఒకటి. రెండోది కిందికి దించి ఉంచాను. స్టేజీ మీద కీబోర్డు అమ్మాయి రెండు చేతులూ మీటల మీద సిద్ధంగా పెట్టుకుంది. దాదా ఆమెకూ చెప్పి ఉంచాడు.

వేగం పాటలు రెండు బాగా వెళ్లాయి. తరవాత నెమ్మది పాట. మిగతా వాయిద్యాలన్నీ ఆగాయి. మావ ముందుకు వచ్చాడు. సుతి పెట్టె ఆయన కుడికాలి చెప్పు ముందు ఉంది.

స్వరం మొదలైంది. నిండుగా ఉంది. ఇంకా బలం ఉండగానే, నేను లోపల్లోపల ‘ఇప్పుడు, ఇప్పుడు’ అనుకుంటుండగానే, తొక్కాడు. శుభ్రంగా పట్టుకుంది. మేం రిహార్సల్లో అనుకున్నది ఇంతే. ఊపిరి పీల్చుకుని, అదే స్వరంలోకి తిరిగి కలిసి, పాటలోకి వెళ్లాలి.

మావ కలవలేదు. సాక్సఫోన్‌ను పెదాల నుంచి తీశాడు. స్వరం మాత్రం మైదానమంతా అలాగే నిలబడి ఉంది. జేబులోంచి రుమాలు తీసి తాపీగా మూతి తుడుచుకున్నాడు. జనాన్ని చూశాడు. ఆయనకు మీసం లేదు గానీ, ఉన్నచోట ఒకసారి వేలితో దువ్వాడు. ముందు వరసలో ఎవరో పకపకా నవ్వారు, ఇంకెవరో చప్పట్లు కొట్టారు. అప్పుడు వాయిద్యం ఎత్తి, ఆ నిలిచిన స్వరం మీద, పాటలో లేనిది మొదలుపెట్టాడు. చిన్న చిన్న ముక్కలు. పెళ్లిలో మధుపర్కాల వేళ సన్నాయి వాయించేవాళ్లు తిప్పే మలుపుల్లాంటివి. ఒక ముక్క వాయించి ఆగేవాడు, పీల్చుకునేవాడు, మళ్లీ ఇంకో ముక్క. కుడికాలు పెట్టె మీదే ఉంది, నడక అంతా ఎడమకాలిదే. ఎక్కడా తొందర లేదు.

దాదాకు పాట చేజారిపోతోందనిపించింది. నా వైపు తిరిగి చెయ్యి ఎత్తాడు.

ఇక్కడ నన్ను వీరుణ్ని చేసి చెప్పుకోవచ్చు. కానీ పని ఇచ్చినవాడి మాట మాటే. నేను కీబోర్డు మీట పైకి జరిపాను. పూర్తిగా జరిపాను.

ఏమీ వినపడలేదు. తీగ ఊడిందేమోనని చూశాను, ఊడలేదు. తలెత్తి స్టేజీ వైపు చూశాను. కీబోర్డు అమ్మాయి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కచేరీకి వచ్చిన మనిషిలా మావ వైపు తిరిగి కూర్చుంది.

దాదా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఎంతసేపని అలా ఉంచుతాడు? మెల్లగా తాళం వేయడం మొదలుపెట్టాడు. మావ ఆ తాళం చూశాడు. చివరి ముక్కను తెచ్చి పాట మొదటి వరసలో కలిపి, కాలు తీశాడు. డ్రమ్ములు అందుకున్నాయి.

విరామంలో నేను స్టేజీ వెనక్కి పరిగెత్తాను. మావ మడత కుర్చీలో కూర్చుని ఎగశ్వాస తీస్తున్నాడు. చొక్కా తడిసిపోయింది. దాదా వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. “కాకా,” అన్నాడు. “కాల్...” అని, చేతిలోని నీళ్ల సీసా ఎత్తి తాగాడు.

బెంగాలీలో ‘కాల్’ అంటే నిన్న. రేపు కూడా. వెనకాల వచ్చే మాటను బట్టి తెలుసుకోవాలి. నిన్నటి మాటైతే, ‘నిన్ననే చెప్పాల్సింది, నా నోట రాలేదు’ అని కావచ్చు. మావ కూడా ఊపిరి బిగబట్టాడు. ఆ సీసాలో అన్ని నీళ్లెందుకు పోశారో నాకు తెలియదు.

“కాల్ ఏక్టు ఛోటో కోర్‌బేన్,” అన్నాడు దాదా మూతి తుడుచుకుని. రేపు కాస్త చిన్నది చెయ్యండి. “మొదటి ముక్క మరీ పొడుగైంది కాకా. జనం ఇళ్లకు వెళ్లాలి కదా.” అని వెళ్లిపోయాడు.

మావ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయనకు బెంగాలీ నాకన్నా బాగా వచ్చు. అయినా అడిగాడు.

“ఏటన్నాడ్రా?”

“రేపు కొంచెం తగ్గించమన్నాడు. పొడుగైందట.”

“నాదా?”

“నీదే మావా.”

ఆయన నవ్వాడు. నవ్వుతో దగ్గు వచ్చింది, దగ్గుతో మళ్లీ నవ్వు. జేబులోంచి ఫోను తీసి అత్తకు చేశాడు.

“ఒలే, ఇన్నావా? పొడుగైపోనాదంట! రేపు పొట్టి సెయ్యమన్నాడు!” అవతల అత్త ఏమందో నాకు వినపడలేదు. “ఇంకెవుర్నే? నన్నే! నీ తోడు, నన్నే తగ్గించమన్నాడే!”